చిటికెడు మాంగనీస్.. చల్లటి ఫ్రిజ్

గ్యాస్ ఉండదు. కంప్రెసర్ ఉండదు. ఓ లోహపు ముక్క, ఓ అయస్కాంతం, కాసిన్ని నీళ్లు... వీటితోనే చల్లదనం పుట్టించొచ్చు. ఈ సంగతి తెలిసి వందేళ్లు దాటింది. మరి అలాంటి ఫ్రిజ్ మన వంటింట్లోకి ఎందుకు రాలేదు? జవాబు ఆ లోహం తయారీలో వేసే చిటికెడు దినుసుల్లో ఉంది.

మీ ఫ్రిజ్‌లో అయస్కాంతం ఎక్కడుందో ఎప్పుడైనా చూశారా? తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీలో ఉంటుంది. తలుపు దగ్గరికి తోయగానే టక్కున అతుక్కునేది దానివల్లే. లోపలి చల్లదనంతో దానికే సంబంధమూ లేదు. ఆ పనంతా వెనకాల గుర్రుమంటూ ఉండే కంప్రెసర్‌ది, గొట్టాల్లో తిరిగే గ్యాస్‌ది. గ్యాస్‌ను నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి పంపేసి వదిలితే చల్లబడుతుంది. నూరేళ్లుగా ఇదే పద్ధతి.

కంప్రెసర్ చేసే ఈ ఉద్యోగాన్ని అయస్కాంతానికి అప్పగించాలని శాస్త్రవేత్తలు ఎప్పట్నుంచో పట్టుబట్టి ఉన్నారు. ఎందుకంత పట్టుదల అంటే, ప్రపంచంలో ఖర్చయ్యే కరెంటులో దాదాపు ఐదో వంతు చల్లబరిచే యంత్రాలకే పోతోందని అంతర్జాతీయ శీతలీకరణ సంస్థ అంచనా. పైగా ఫ్రిజ్‌లలో, కారు ఏసీల్లో ఏళ్ల తరబడి వాడిన ఆర్-134ఏ అనే గ్యాస్ గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,400 రెట్లకు పైగా దెబ్బ తీస్తుంది. ఇలాంటి గ్యాసుల్ని క్రమంగా తగ్గించుకుంటామని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. లోహపు ముక్క అయితే ఆ బాధ లేదు. అది కారిపోదు, గాల్లో కలవదు.

బడిలో ప్రార్థనలాగే!

కొన్ని లోహాలను అయస్కాంతం దగ్గరికి తెస్తే వేడెక్కుతాయి. దూరం జరిపితే చల్లబడతాయి. దీని పేరు మాగ్నెటోకెలోరిక్ ఎఫెక్ట్. పేరు చూసి కంగారుపడకండి. పొద్దున్నే బడిలో ప్రార్థన గుర్తుచేసుకుంటే సరిపోతుంది.

ఇలాంటి లోహంలో ప్రతి పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతమే. మామూలప్పుడు తలో దిక్కు చూస్తుంటాయి, గంట కొట్టకముందు పిల్లల్లాగా. అయస్కాంత క్షేత్రం తగలగానే డ్రిల్లు మాస్టారు ‘సావధాన్’ అన్నట్టు అన్నీ ఒకే వైపు తిరిగి వరసలో నిలబడతాయి. వరస కుదిరింది సరే, పిల్లల్లోని అల్లరి ఎక్కడికి పోతుంది? నిలబడ్డచోటే కాళ్లూ చేతులూ కదుపుతారు. పరమాణువులూ అంతే. ఉన్నచోటే మరింత గట్టిగా కంపిస్తాయి. ఆ కంపనమే వేడి. నీళ్లు పోనిచ్చి ఆ వేడిని తీసేయాలి. ఇప్పుడు అయస్కాంతాన్ని పక్కకు జరిపితే బడి వదిలినట్టు వరసలు చెదిరిపోతాయి. చెదరడానికి కావలసిన శక్తిని ఆ కంపనం నుంచే లాక్కుంటాయి. లోహం చల్లబడుతుంది. మట్టికుండలో కాసిన్ని నీళ్లు ఆవిరవుతూ మిగతా నీటిలోని వేడిని పట్టుకుపోతాయి చూడండి, ఇదీ అలాంటిదే.

అయితే ఏ లోహమైనా ఎప్పుడైనా ఇలా చేయదు. ప్రతి అయస్కాంత లోహానికీ ఓ ఉష్ణోగ్రత ఉంటుంది. అది దాటితే వేడి ధాటికి వరస దానంతటదే చెదిరిపోతుంది. దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఈ వేడి-చల్లదనాల ఆట బాగా సాగేది ఆ ఉష్ణోగ్రతకు అటూ ఇటూ కొద్ది డిగ్రీల్లోనే. ఇనుముకు అది 770 డిగ్రీల సెల్సియస్. ఫ్రిజ్‌కు పనికిరాదు. గడోలినియం అనే రేర్ ఎర్త్ లోహానికి మాత్రం దాదాపు 20 డిగ్రీలు. అంటే చలికాలం పొద్దుటి పూట మన గది ఉష్ణోగ్రత. అందుకే ఏ దేశంలో ప్రయోగం మొదలుపెట్టినా ముందు గడోలినియమే చేతికొస్తుంది. ఒక టెస్లా క్షేత్రంలో పెడితే అది రెండున్నర, మూడు డిగ్రీలు వేడెక్కుతుంది.

విలన్ పేరు ముందే వచ్చింది

ఈ ప్రభావాన్ని 1881లో జర్మనీ శాస్త్రవేత్త ఎమిల్ వార్బుర్గ్ ఇనుములో కనిపెట్టారని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి ఆయన రాసింది ఇనుములో హిస్టరిసిస్ అనే మరో సంగతి గురించి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, ఈ కథలో విలన్ అదే. అసలు ప్రభావాన్ని చూసింది పియరీ వైస్, అగస్ట్ పికార్. 1917లో స్విట్జర్లాండ్‌లో నికెల్‌ను 354 డిగ్రీల దగ్గర పరీక్షిస్తుంటే, అయస్కాంత క్షేత్రం పెట్టగానే అది 0.7 డిగ్రీ వేడెక్కింది. ఈ పికార్ గారే 1931లో బెలూన్‌కు వేలాడే గోళంలో కూర్చుని దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లొచ్చారు. టిన్‌టిన్ బొమ్మల కథల్లో ప్రొఫెసర్ కాలిక్యులస్‌కు నమూనా కూడా ఆయనే.

1933లో అమెరికాలోని బర్కిలీలో విలియం జియాక్ గడోలినియం లవణంతో పరమశూన్యానికి పావు డిగ్రీ దూరం దాకా వెళ్లారు. ఆయనకు 1949లో నోబెల్ వచ్చింది. 1976లో నాసాకు చెందిన జెరాల్డ్ బ్రౌన్ గడోలినియం పలకలతోనే వేడి కొసకూ చల్లటి కొసకూ మధ్య 47 డిగ్రీల తేడా సాధించి చూపించారు. కాకపోతే దానికి 7 టెస్లాల అయస్కాంతం కావాల్సొచ్చింది. ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ యంత్రాలు మామూలుగా 1.5 టెస్లా, 3 టెస్లాలవి. ఇంట్లో పెట్టుకునే సాదా అయస్కాంతాలతో ఒకటి, ఒకటిన్నర టెస్లాకు మించి రాదు. అంటే అయస్కాంతాన్ని పెంచే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది లోహాన్ని మార్చడమే.

కంసాలి చేసే పనే

బంగారు నగ చేయించుకునేటప్పుడు కంసాలి ఏం చేస్తాడు? మేలిమి బంగారం మెత్తగా ఉంటుంది కాబట్టి కాస్త రాగి కలుపుతాడు. 22 క్యారెట్లంటే 24 పాళ్లలో రెండు పాళ్లు ఇతర లోహం. ఆ రాగి పరమాణువులు బంగారం మధ్యలో ఎక్కడో ఇరుక్కోవు. బంగారు పరమాణువుల సీట్లలోనే కూర్చుంటాయి. రాగి కాస్త చిన్నది కాబట్టి పక్కవాళ్లు సర్దుకోవాల్సి వస్తుంది. దాంతో నగ గట్టిపడుతుంది. అయస్కాంత లోహాల్లోనూ ఇదే పని. కాకపోతే ఇక్కడ సీటు మారితే మారేది గట్టిదనం ఒక్కటే కాదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర వరస చెదరాలి, మెల్లగా చెదరాలా, ఒక్క ఊపున చెదరాలా అన్నదీ మారిపోతుంది.

దీని సత్తా ఏమిటో 1997లో తెలిసొచ్చింది. అమెరికాలోని అయోవాలో ఏమ్స్ ప్రయోగశాలకు చెందిన విటాలీ పెచార్‌స్కీ, కార్ల్ స్నైడ్నర్ గడోలినియంతో సిలికాన్, జెర్మేనియం కలిపిన మిశ్రలోహాన్ని పరీక్షించారు. సిలికాన్, జెర్మేనియం ఒకే కుటుంబం వాళ్లు. మూలకాల పట్టికలో పైన ఒకరు, కింద ఒకరు. జెర్మేనియం కాస్త పెద్దది, అంతే తేడా. అంతా సిలికానే అయితే ఆ లోహం 60 డిగ్రీలు దాటాక మెల్లగా వరస తప్పుతుంది. పెద్ద విశేషం లేదు. సగం సీట్లు జెర్మేనియానికి ఇచ్చి చూస్తే వరస చెదిరే ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు దిగొచ్చింది. దాన్ని మించి, ఎంట్రోపీలో, అంటే ఆ గందరగోళపు లెక్కలో వచ్చే మార్పు గడోలినియం కన్నా రెండింతలైంది!

కారణం వింటే ముచ్చటేస్తుంది. ఈ లోహం పొరలు పొరలుగా ఉంటుంది. పొరల్ని కలిపి ఉంచేది సిలికాన్-జెర్మేనియం బంధాలు. వేడిగా ఉన్నప్పుడు వాటిలో సగం తెగి ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి రాగానే పొరలు జరిగి తెగిన బంధాలు మళ్లీ అతుక్కుంటాయి. పరమాణువుల దిక్కులతో పాటు ఇల్లే రూపం మార్చుకుంటుందన్న మాట. మంచు కరిగి నీరైనట్టు ఒక్కసారిగా జరిగే మార్పు ఇది. అందుకే అంత పెద్ద ప్రభావం. పాళ్లు ఇంకా మార్చి, కొసరుగా గాలియం చేర్చి చూస్తే, ఈ ఒక్క కుటుంబంతోనే మైనస్ 253 డిగ్రీల దగ్గర్నుంచి ప్లస్ 17 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ పని చేయించొచ్చని తేలింది. రేడియోలో స్టేషన్ పట్టుకున్నట్టు.

వచ్చేటప్పుడు దారి వేరు

ఇక ఫ్రిజ్ వచ్చేసినట్టే అనుకున్నారంతా. అప్పుడు విలన్ రంగంలోకి దిగాడు.

ఒక్కసారిగా జరిగే మార్పుకు ఓ జబ్బుంది. వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి. బిగుసుకున్న తలుపును తెరవడానికి ఓసారి, మూయడానికి ఓసారి బలం పెట్టినట్టు, అయస్కాంతం పెట్టినప్పుడూ తీసినప్పుడూ కొంత శక్తి వృథాగా వేడైపోతుంది. అదే హిస్టరిసిస్. ఫ్రిజ్‌లో ఈ తంతు సెకనుకు ఒకటి రెండుసార్లయినా జరగాలి. రోజంతా, ఏళ్ల తరబడి. చల్లబరచాల్సిన లోహం తనే కుంపటి పెట్టుకుంటే ఇంకేం లాభం?

మందు కూడా చిటికెడే దొరికింది. 2004లో అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు ఈ లోహంలో ఒక శాతం ఇనుము కలిపారు. హిస్టరిసిస్ నష్టం 90 శాతానికి పైగా తగ్గిపోయింది. ప్రభావం శిఖరం మాత్రం కుంగిపోయి వెడల్పయింది. వృథా పోగా మిగిలే చల్లదనం లెక్కేస్తే లాభమే. ఈ రంగమంతా ఇలాంటి బేరాలే. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. ప్రభావం ఎంత పెద్దదో చెప్పి ఊరుకునే వార్తల్ని అందుకే కాస్త అనుమానంగా చూడాలి. ఎంత వృథా అన్నది కూడా అడగాలి.

కావాలని కలిపింది సరే, తెలియకుండా కలిసింది? అదీ తక్కువేం కాదు. బజారులో దొరికే రకం గడోలినియంలో కర్బనం లాంటి మలినాలు పిసరంత ఉంటాయి. వాటితో చేస్తే 1997 నాటి ఆ భారీ ప్రభావం దాదాపు మాయమైపోతుంది. శుద్ధమైనది కావాలంటే ధర ఆకాశంలో ఉంటుంది.

హైడ్రోజన్‌కు సీటు అక్కర్లేదు

ధర సంగతి వచ్చింది కాబట్టి మన తీరానికి వద్దాం. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల సముద్రపు ఇసుకలో మోనజైట్ ఉంటుంది. అందులోని రేర్ ఎర్త్‌లలో గడోలినియం ఒకటి రెండు శాతమే. లాంథనం మాత్రం ఐదో వంతుకు పైనే. ప్రపంచంలో ఎక్కడైనా లెక్క ఇంచుమించు ఇంతే. లాంథనం చవక, గడోలినియం ప్రియం. అందుకే చూపు లాంథనం-ఇనుము-సిలికాన్ మిశ్రలోహం మీద పడింది. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం, చైనా పరిశోధకులు దీన్ని బాగా శోధించారు. దీని బరువులో ముప్పాతిక వంతుకు పైగా మామూలు ఇనుమే.

ఇందులో ఒక్కో లాంథనం పరమాణువుకు పదమూడు ఇనుప సీట్లు. చిత్రమేమిటంటే లాంథనం, ఇనుము రెండే ఉంటే ఆ ఇల్లు నిలబడదు. ఒకటిన్నర సీటు దాకా సిలికాన్‌కు ఇస్తేనే నిలుస్తుంది. సిలికాన్ తక్కువైతే మార్పు పదునుగా, ఒక్క ఊపున వస్తుంది. ఎక్కువైతే మొద్దుబారుతుంది. పదునుగా ఉన్నప్పుడు చిక్కేమిటంటే, పని చేసే చోటు దాదాపు మైనస్ 80 డిగ్రీలు. ఇంట్లో ఫ్రిజ్‌కు అది ఎందుకూ కొరగాదు.

ఇనుము సీట్లలో కొన్ని కోబాల్ట్‌కిస్తే ఉష్ణోగ్రత గది స్థాయికి ఎక్కుతుంది. కానీ పదును పోతుంది. రెండూ కావాలంటే ఎలా? హైడ్రోజన్ ఆ పని చేసింది. ఇది ఎవరి సీటూ లాక్కోదు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో సందు చూసుకుని నిలబడే ప్రయాణికుడిలా పరమాణువుల మధ్య ఖాళీల్లో దూరుతుంది. దాంతో బస్సే కాస్త ఉబ్బుతుంది. ఇనుప పరమాణువులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. వాటి మధ్య అయస్కాంత బంధం బలపడి, వరస చెదరడానికి మరింత వేడి కావాల్సొస్తుంది. హైడ్రోజన్ నిండుగా ఎక్కితే పని చేసే చోటు మైనస్ 80 నుంచి ఏకంగా 60 డిగ్రీల దరిదాపులకు పోతుంది. పదునూ చెడదు.

అయితే సగం నింపి 20 డిగ్రీల దగ్గర ఆపేస్తే సరిపోదా? మొదట అందరూ అలాగే అనుకున్నారు. సగం నిండిన బస్సులో జనం ఏం చేస్తారు? తమకు నచ్చినచోటికి జరుగుతారు. హైడ్రోజన్ కూడా అంతే. ఆ లోహాన్ని దాని క్యూరీ ఉష్ణోగ్రత దగ్గరే కొన్నాళ్లుంచితే, హైడ్రోజన్ కొన్ని భాగాల్లో ఎక్కువగా, కొన్నింటిలో తక్కువగా పేరుకుంటుంది. ఒకే ముక్కలో రెండు క్యూరీ ఉష్ణోగ్రతలు తయారవుతాయి. ఫ్రిజ్‌లో లోహం ఉండాల్సింది సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గరే కదా! ప్రయోగశాలలో బ్రహ్మాండంగా కనిపించిన లోహం యంత్రంలో పెట్టాక పాడైపోతుందన్న మాట.

పరిష్కారం తిరగేసి ఆలోచిస్తే దొరికింది. హైడ్రోజన్‌ను నిండా నింపేయాలి. ఖాళీ లేకపోతే కదలడానికి చోటుండదు. అలా 60 డిగ్రీలకు ఎక్కిపోయిన ఉష్ణోగ్రతను కిందికి లాగడానికి ఇనుము సీట్లలో కాస్త మాంగనీస్ కూర్చోబెట్టాలి. పదమూడు సీట్లలో సగటున అర సీటు కూడా ఇవ్వక్కర్లేదు. మాంగనీస్ ఎంత వేస్తే అంత కిందికి. జర్మనీకి చెందిన వాక్యూమ్‌ష్మెల్జె కంపెనీ, అమెరికాలోని ఆస్ట్రోనాటిక్స్ కార్పొరేషన్ పరిశోధకులతో కలిసి 2011లో ఈ పద్ధతిని ప్రకటించింది. నా లెక్కలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా పనికొచ్చిన ఆలోచన ఇదే. 1997 నాటి ఆవిష్కరణకు వచ్చినంత పేరు దీనికి రాలేదు గానీ, ఫ్రిజ్ వైపు నిజంగా అడుగు పడింది ఇక్కడే.

ఎందుకంటారా? ఒక్క ముక్క ఇచ్చే తేడా రెండు మూడు డిగ్రీలే. ఫ్రిజ్‌కు 30 డిగ్రీలైనా కావాలి. అందుకని లోహపు రేణువుల్ని గొట్టంలో పేర్చి, అయస్కాంతం తిరిగినప్పుడల్లా నీటిని అటూ ఇటూ నడిపిస్తారు. ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు అందించుకున్నట్టు, ఒక పొర ఇంకో పొరకు వేడిని చేరవేస్తుంది. చివరి పొర ఉండేది చలిలో, మొదటి పొర ఉండేది వేడిలో. అన్నిటికీ ఒకే క్యూరీ ఉష్ణోగ్రత ఉంటే సగం పొరలు పని మానేసి నిలబడతాయి. ఒక్కో పొరకు ఒక్కో కొలత మాంగనీస్ వేస్తే ఎవరి చోట వాళ్లు చురుగ్గా ఉంటారు. 2014లో ఆస్ట్రోనాటిక్స్ ఇలాంటి ఆరేసి పొరలతో ఓ యంత్రాన్ని నడిపింది. వాడిన లోహం కిలోన్నర. 11 డిగ్రీల తేడాతో 2,500 వాట్ల చల్లదనం. మన భాషలో ముప్పావు టన్ను ఏసీకి కాస్త తక్కువ!

సంబరపడే ముందు ఇంకో అంకె. ఆ యంత్రం ఒక యూనిట్ కరెంటు తీసుకుని 1.9 యూనిట్ల వేడిని లాగింది. మన ఇళ్లలో మామూలు ఏసీ మూడు దాకా లాగుతుంది.

విషం తీసేసి...

ఇదే తోవలో మరో కుటుంబముంది. 2002లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు మాంగనీస్, ఇనుము, భాస్వరం, ఆర్సెనిక్ కలిపిన లోహంతో గది ఉష్ణోగ్రత దగ్గర భారీ ప్రభావం చూపించారు. రేర్ ఎర్త్‌లతో పనే లేదు. కానీ ఆర్సెనిక్ అంటే పాషాణం. వంటింట్లో పెట్టే వస్తువులో అదెందుకని డెల్ఫ్ట్‌లో దాని సీటును సిలికాన్‌కు ఇచ్చారు. విషం పోయింది, హిస్టరిసిస్ మిగిలింది. 2014లో రవ్వంత బోరాన్ చేర్చి దాన్నీ అదుపులోకి తెచ్చారు.

నికెల్-మాంగనీస్ కలిసిన హ్యూస్లర్ లోహాలది మరీ విడ్డూరం. వీటిలో కొన్ని తిరగబడతాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తేనే చల్లబడతాయి! మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌లోనూ ఈ జాతి లోహాల మీద పని జరిగింది. వీటితో తంటా మళ్లీ ఆ హిస్టరిసిస్సే.

ఇంటికా, ఫ్యాక్టరీకా?

2015 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో హయర్, ఆస్ట్రోనాటిక్స్, బీఏఎస్ఎఫ్ కలిసి అయస్కాంతంతో నడిచే వైన్ కూలర్‌ను పెట్టాయి. ఫ్రాన్స్‌లో కూల్‌టెక్ అనే కంపెనీ అమ్మకాల దాకా వెళ్లింది కానీ నిలదొక్కుకోలేకపోయింది. జర్మనీలో డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయం నుంచి 2019లో పుట్టిన మాగ్నోథెర్మ్ కంపెనీ లాంథనం-ఇనుము-సిలికాన్‌తోనే కూల్‌డ్రింకుల కూలర్లు చేస్తోంది. ఇళ్లకు మాత్రం రాలేదు. లోహం చవకైనా దాని చుట్టూ తిరిగే నియోడిమియం అయస్కాంతం ఖరీదు తగ్గలేదు. పైగా మన దగ్గర కొత్త ఫ్రిజ్‌లు చాలావరకు ఐసోబ్యూటేన్‌కు మారిపోయాయి. అది భూమిని వేడెక్కించడం చాలా తక్కువ. కాబట్టి ఇంటి ఫ్రిజ్ వరకు గ్యాస్ మీద ఉన్న ఫిర్యాదు సగం తీరిపోయినట్టే. వంటిల్లే మొదటి మజిలీ అవుతుందని నేననుకోను.

ముందు ఎక్కడ పనికొస్తుందంటే, హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చే చోట. దానికి మైనస్ 253 డిగ్రీలకు, అంటే 20 కెల్విన్లకు దిగాలి. అంత చలిలో కంప్రెసర్ల పద్ధతికి కరెంటు బోలెడంత ఖర్చు. అక్కడ సూపర్‌కండక్టర్ అయస్కాంతాలు పెట్టుకోవచ్చు, అయిదారు టెస్లాలు కష్టం కాదు. కావలసిందల్లా 77 కెల్విన్ల నుంచి 20 దాకా మెట్లుమెట్లుగా దింపే పొరలు. అల్యూమినియంతో ఎర్బియం కలిపితే క్యూరీ ఉష్ణోగ్రత 13 కెల్విన్లు, డిస్ప్రోసియం కలిపితే 60 చిల్లర. రెండిటినీ పాళ్లు మార్చి కలుపుకుంటూ పోతే మధ్యలో ఏ మెట్టయినా దొరుకుతుంది. 2020లో జపాన్‌లోని సుకుబాలో ఉన్న నిమ్స్ సంస్థ పరిశోధకులు కంప్యూటర్‌తో పాత లెక్కలన్నీ జల్లెడ పట్టించి, హోల్మియం బోరైడ్ 15 కెల్విన్ల దగ్గర భారీ ప్రభావం చూపుతుందని పట్టుకున్నారు. 2022లో వాళ్లే ఎర్బియం-కోబాల్ట్ లోహంలో ఇతర లోహాల్ని కొద్దికొద్దిగా చేర్చి, 20 నుంచి 77 దాకా మొత్తం మెట్లన్నీ ఒకే కుటుంబంతో కట్టారు. మళ్లీమళ్లీ తిప్పినా ప్రభావం తగ్గలేదని ప్రకటించారు.